కాలువలో గుంపుగా తిరిగే నిలువు ఇరుసు టర్బైన్లు: కరెంటు దిగుబడి పెంచుకునే పద్ధతి

నిటారు ఇరుసు చుట్టూ రెక్కలు తిరుగుతూ పారే నీటి నుంచి కరెంటు తీసే టర్బైను ఒకటి కాలువలో బాగా తిరిగింది కదా అని అలాంటివే ఎనిమిది దించితే కరెంటు ఎనిమిది రెట్లు రాదు. ఒకదాని వెనక ఒకటి పెడితే వెనకవి చతికిలపడతాయి. అవే టర్బైన్లని జంటలు కట్టి, సరైన ఎడం ఇచ్చి, సరైన దిక్కుకి తిప్పితే ఒక్కోటీ ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువే ఇస్తుంది. ఆ అమరిక ఎలా కుదుర్చుకోవాలో, కుదిరిందో లేదో ఎలా తేల్చుకోవాలో మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ చెబుతాను.

శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ దగ్గర బయల్దేరి టెక్కలి, పలాస వైపు పోయే వంశధార ఎడమ కాలువ, నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట కాలువలు, మడ్డువలస కాలువ... మన వైపు ఇలాంటివి చాలానే ఉన్నాయి. రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే పిల్లలకీ, ఊళ్లో వెల్డింగు షాపు నడుపుతూ ఇలాంటి పనుల మీద మనసుపడ్డవాళ్లకీ ఉపయోగపడాలని రాస్తున్నాను. లెక్కల కోసం ఒక మామూలు కాలువని ఊహించుకుందాం: వెడల్పు 10 మీటర్లు, లోతు 2 మీటర్లు, నీటి వేగం సెకనుకి 1.2 మీటర్లు. టర్బైను ఒక మీటరు వ్యాసం, ఒక మీటరు ఎత్తు. అంటే నీటికి ఎదురుగా అది చూపించే వైశాల్యం ఒక చదరపు మీటరు.

1. అసలు ఈ చోట ఈ టర్బైను పెట్టొచ్చా?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోకుండా ముందుకి పోవద్దు. పారే నీటిలో శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. సెకనుకి 1 మీటరు వేగంలో చదరపు మీటరుకి 500 వాట్లు. 1.2 మీటర్లయితే 864 వాట్లు. 1.5 అయితే 1,687 వాట్లు. 2 మీటర్లయితే 4,000 వాట్లు. ఇందులో మంచి డారియస్ రకం టర్బైను (దీని సంగతి మూడో భాగంలో వస్తుంది) ఇరుసు దగ్గర 30 శాతం దాకా పట్టుకుంటుంది. జనరేటరు, రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చేది) నష్టాలు పోగా మన లెక్క కాలువలో ఒక్కో టర్బైనుకి 190 వాట్లు చేతికొస్తే బాగా చేసినట్టే.

కాబట్టి అమరికతో పదో ఇరవయ్యో శాతం పెంచుకోవాలని తంటాలు పడేముందు, అదే కాలువలో నీరు కాస్త జోరుగా పోయే చోటు ఉందేమో వెతకండి. వేగం పది శాతం పెరిగితే శక్తి 33 శాతం పెరుగుతుంది. మట్టి కాలువల్లో గట్లు కోసుకుపోకుండా వేగం తక్కువ ఉండేలానే కడతారు. సిమెంటు లైనింగు వేసిన చోట, అక్విడక్టు (వాగు మీదుగా కాలువని దాటించే వంతెన) తొట్టిలోకి కాలువ ఇరుకయ్యే చోట వేగం ఎక్కువ ఉంటుంది. అయితే వంతెన స్తంభాలకీ, షట్టర్లకీ ఆనుకుని ఏదీ పెట్టకూడదు. అక్కడ నీరు దారి మళ్లితే పునాది కోసుకుపోతుంది, ఇంజినీర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కాలువలో ఒక మీటరు ఎత్తు నుంచి నీరు దూకే డ్రాపు ఉంటే ఈ టర్బైన్ల సంగతి పక్కనపెట్టండి. మన లెక్క కాలువలో సెకనుకి 24 ఘనపు మీటర్ల నీరు పోతుంది. అది ఒక మీటరు దిగితే అందులో 235 కిలోవాట్ల శక్తి ఉంటుంది. అక్కడ తక్కువ ఎత్తుకి సరిపడే మామూలు జల టర్బైను పెట్టుకోవడం న్యాయం. డ్రాపు లేని, సమంగా పారే నిడుపాటి కాలువకే మన గుంపు.

జలవనరుల శాఖ అనుమతి లేకుండా కాలువలో పుల్ల కూడా దించకండి. నీటి సంఘంతో కూడా ముందే మాట్లాడుకోవాలి. 1997లో వచ్చిన సాగునీటి యాజమాన్య చట్టంతో ఏర్పడ్డ ఈ సంఘాల మాటకి ఊళ్లో విలువ ఉంది. “నీరు ఆపీకండి బాబూ, మా శివారు మడులకి అసలే సాలదు” అని ఎవరైనా అంటే అది ఊరికే అనే మాట కాదు. ఆ భయానికి లెక్కతో జవాబు చెప్పాలి. ఆ లెక్క ఆరో భాగంలో ఉంది.

2. నీటిని కొలవండి, అడ్డంగా కొలవండి

కాలువ మధ్యలో ఒక్కచోట కొలిచి ఊరుకుంటే గుంపుకి పనికిరాదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తాడు కట్టి, మీటరుకొక ముడి వేసి, ప్రతి ముడి దగ్గరా వేగం చూడాలి. నీటి వేగం కొలిచే కరెంటు మీటరు దొరికితే పైనుంచి లోతులో పదింట రెండు వంతుల దగ్గర ఒకసారి, పదింట ఎనిమిది వంతుల దగ్గర ఒకసారి కొలిచి సగటు తీయండి. ఒక్కసారే కొలిచే వీలుంటే పదింట ఆరు వంతుల లోతులో కొలవండి. మీటరు లేకపోతే కొబ్బరికాయ వదలండి. అది చాలావరకు మునిగి తేలుతుంది కనక గాలి దాన్ని అంతగా తోయలేదు. 20 మీటర్ల దూరానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, వచ్చిన వేగాన్ని 0.85తో గుణిస్తే నిలువునా సగటు వేగం సుమారుగా వస్తుంది.

ఈ అంకెలన్నీ గ్రాఫు కాగితం మీద పెడితే కాలువ మనస్తత్వం బయటపడుతుంది. వంపు తిరిగిన చోట నీటి జోరు బయటి గట్టు వైపుకి ఒరిగి ఉంటుంది. సగటు మాత్రమే చూస్తే ఇది కనబడదు. వెడల్పులో సగం 0.8, సగం 1.2 వేగంతో పారుతోందనుకోండి, సగటు 1 మీటరే. ఘనాల సగటు తీస్తే మాత్రం శక్తి 12 శాతం ఎక్కువ తేలుతుంది, పైగా అందులో ముప్పావు వంతు పైన ఒకే వైపు ఉంటుంది. అలాంటి చోట టర్బైన్లని సమదూరంలో పేర్చడం అన్యాయం.

కాలాన్ని కూడా కొలవాలి. ఖరీఫ్‌కి నీరు వదిలిన మొదట్లో ఒక మట్టం, నాట్లప్పుడు ఒక మట్టం, వంతులవారీగా ఇచ్చేటప్పుడు ఇంకో మట్టం. కాలువ మీద ఉండే లస్కరుని అడిగితే ఏ నెలలో నీరు ఎక్కడిదాకా వస్తుందో గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తాడు. ఆ గీతలన్నీ రాసుకోండి. అన్నిటికంటే తక్కువ మట్టం ఉన్నప్పుడు కూడా రెక్కల పైచివర నీటిలో ఒక జానెడైనా మునిగి ఉండాలి. లేకపోతే రెక్క గాలిని లోపలికి లాక్కుని పట్టు కోల్పోతుంది.

3. గుంపుకి ముందు ఒక్కదాన్ని సరిచేయండి

లోపమున్న టర్బైన్లని ఎంత గొప్పగా పేర్చినా లోపాల గుంపే అవుతుంది. నిలువు ఇరుసు టర్బైన్లలో మనకి దగ్గరగా ఉండేవి మూడు రకాలు. సగం పీపాల్లాంటి సవోనియస్ రకం సులువుగా కదలిక అందుకుంటుంది, దిగుబడి తక్కువ. జార్జెస్ డారియస్ 1931లో అమెరికా పేటెంటు పొందిన రకంలో విమానం రెక్క కోత ఉన్న సన్నని రెక్కలుంటాయి, దిగుబడి బాగుంటుంది, కానీ తనంతట తాను కదలడానికి మొరాయిస్తుంది. అలెగ్జాండర్ గోర్లోవ్ 1990ల్లో ఆ రెక్కలనే మెలితిప్పి కుదుపు తగ్గించాడు. గుంపుగా పెట్టాలనుకునేవాళ్లు తిన్నని రెక్కల డారియస్‌తో మొదలుపెట్టమని నా సలహా. తయారీ తేలిక, మరమ్మతు తేలిక, జంట కట్టడమూ తేలిక.

రెక్కలు ఎవరి చేత చేయించాలి? కళింగపట్నం, భావనపాడు వైపు ఫైబరు పడవలకి అతుకులు వేసేవాళ్లని అడగండి. మ్యాటు పరిచి, రెజిన్ రాసి, గాలి బుడగలు బ్రష్షుతో నొక్కి తీయడం వాళ్ల చేతికి అలవాటైన పని. మీరు ఇవ్వాల్సింది కొలత ప్రకారం చేసిన అచ్చు. నాకా 0018 కోత (మందం వెడల్పులో 18 శాతం ఉండే ఒక ప్రామాణిక రెక్క ఆకారం), 15 సెంటీమీటర్ల వెడల్పు, మూడు రెక్కలు చాలు. ఆ వెడల్పుకి రెక్క మందం 2.7 సెంటీమీటర్లు వస్తుంది. అచ్చు నుంచి తీసిన రెక్కని వేలితో తడిమి చూడండి. ముందు అంచు గుండ్రంగా, నున్నగా ఉండాలి. వెనక అంచు పల్చగా, చాకు వెన్నులా తేరాలి. చాలామంది వెనక అంచుని మొండిగా వదిలేస్తారు. ఆ మొండి అంచు వెనక సుడి పుట్టి రెక్కని వెనక్కి లాగుతూ ఉంటుంది. నీళ్లతో రుద్దే ఎమెరీ కాగితంతో ఓపిగ్గా రుద్దించండి.

రెక్కల్ని ఇరుసుకి కలిపే చేతుల విషయంలో కూడా ఇదే. ఫ్లాట్ పట్టీ ఇనుము వెల్డింగు చేసి ఊరుకుంటే, అది తిరిగినంతసేపూ నీటిని చీలుస్తూ శక్తి మింగేస్తుంది. చేతులకి కూడా రెక్క కోతలాంటి తొడుగు వేయండి. బేరింగులు రెండూ నీటికి పైనే, టర్బైనుని మోస్తూ తేలే తెప్ప మీద ఉండేలా చూసుకోండి. మన నదుల కాలువల్లో ఇసుక ఎక్కువ, నీటి అడుగున ఉన్న బేరింగు ఎక్కువ రోజులు బతకదు.

ఇప్పుడు పరీక్ష. ఇరుసు పైన 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న డ్రమ్ము బిగించి, తాడు చుట్టి, ఒక కొసకి స్ప్రింగు త్రాసు, ఇంకో కొసకి బరువు కట్టండి. బరువు పెంచుకుంటూ పోతే వేగం తగ్గుతుంది. ప్రతి బరువు దగ్గరా నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. రెక్క కొస వేగాన్ని నీటి వేగంతో భాగిస్తే వచ్చేది టిప్ స్పీడ్ రేషియో. మన టర్బైనుకి అది 2 అంటే 1.2 మీటర్ల నీటిలో నిమిషానికి 46 చుట్లు. 30 శాతం పట్టు ఉంటే ఆ వేగం దగ్గర ఇరుసు మీద 54 న్యూటన్ మీటర్ల మెలి (టార్కు) ఉండాలి. అంటే తాడు రెండు కొసల మధ్య తేడా 37 కిలోల దగ్గర తూగాలి. ఈ రేషియో ఒకవైపు, పట్టుకున్న శక్తి శాతం ఒకవైపు పెట్టి గీస్తే గుట్టలాంటి గీత వస్తుంది. శిఖరం ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. గుంపులో పెట్టాక ఆ శిఖరం చోటు మారుతుంది. ఎటు జరిగిందో చెప్పుకోవడానికే ఈ మొదటి గీత కావాలి.

4. జంట కట్టండి, ఎదురెదురు దిక్కుల్లో తిప్పండి

గుంపులో అసలు లాభం ఇక్కడే మొదలవుతుంది. ఒంటరి టర్బైను ఎదురైతే నీరు చుట్టూ తప్పుకుని పోతుంది. పక్కపక్కన రెండు దగ్గరగా ఉంటే వాటి మధ్య నీటికి పక్కకి తప్పుకునే వీలు తగ్గి, ఆ సందులో వేగం పుంజుకుంటుంది. రెండూ ఒకే దిక్కుకి కాకుండా ఎదురెదురు దిక్కులకి తిరిగితే సందులోకి వచ్చే రెక్కలు రెండూ ఒకే వైపు కదులుతాయి కనక అక్కడ నీరు నలిగిపోదు. అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ దాబిరి చేపల గుంపు ఈదే తీరు నుంచి ఈ ఆలోచన అందుకుని, కాలిఫోర్నియా ఎడారిలో నిలువు ఇరుసు గాలిమరలని ఎదురు దిక్కుల జంటలుగా నిలబెట్టి పరీక్షించాడు. అంతే నేలలో మామూలు గాలిమరల కంటే చాలా ఎక్కువ శక్తి తీయవచ్చని 2011లో ప్రకటించాడు. గాలికీ నీటికీ సాంద్రత వేరైనా ఈ సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

ఇరుసు నుంచి ఇరుసుకి దూరం వ్యాసానికి ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టండి. మన టర్బైనుకి మీటరున్నర. తర్వాత 1.25 రెట్లకి దగ్గర చేసి చూడండి, 2 రెట్లకి దూరం చేసి చూడండి. తెప్ప మీద ఇరుసుని పట్టే పలకకి పొడవాటి గాడి కోయించుకుంటే బోల్టులు వదులుచేసి జరపడం తేలిక. మరీ దగ్గరైతే ఒక రెక్క వెనక సుడి రెండోదానికి తగిలి కుదుపు పెరుగుతుంది. మరీ దూరమైతే ఎవరి లోకం వారిది.

సందులో రెక్కలు నీటితో పాటు పోయేలా తిప్పవచ్చు, నీటికి ఎదురు వచ్చేలా కూడా తిప్పవచ్చు. రెండూ ఎదురు దిక్కుల జంటలే, కానీ వెనక నీటి తీరు రెండింటికీ వేరు. రెండూ చేసి చూడండి. తిన్నని రెక్కల రోటరుని దిక్కు మార్చాలంటే కొత్తది అక్కర్లేదు, తలకిందులుగా తిప్పి బిగిస్తే చాలు.

ఈ జంటలో ఇంకో మేలు ఉంది. తిరిగే ప్రతి టర్బైనూ తెప్పని ఒక పక్కకి తోస్తుంది. ఎదురు దిక్కుల్లో తిరిగే రెండు ఒకే తెప్ప మీద ఉంటే ఆ తోపుడు ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. గట్టుకి కట్టిన తాళ్ల మీద భారం తగ్గుతుంది, తెప్ప నిటారుగా నిలుస్తుంది. పక్క తోపుడు వల్ల వంగిపోయి పట్టు కోల్పోయే తెప్పలకి ఇదొక్కటే సగం మందు.

రెండు ఇరుసులని ఒకే సైజు పళ్లచక్రాలతో కలిపి ఒకే జనరేటరు తిప్పవచ్చా? తిప్పవచ్చు. అప్పుడు రెక్కలు ఎప్పుడూ ఒకే లయలో కలుస్తాయి, కుదుపు స్థిరంగా ఉంటుంది. కానీ ఒక పక్క నీరు మందంగా ఉన్న చోట జోరుగా ఉన్నది మందంగా ఉన్నదాన్ని ఈడ్చుకుపోతుంది. పరీక్ష కాలమంతా వేర్వేరు జనరేటర్లతో నడిపి, రెండింటి వేగాలూ దాదాపు సమానమని తేలాకే కలపండి.

5. రెండో వరస ఎక్కడ?

టర్బైను దాటిన నీరు కొంత దూరం మందగించి సుడులతో నడుస్తుంది. ఇంజినీర్లు దీన్నే వేక్ అంటారు. ఆ నీటిలో వేగం 20 శాతం తగ్గి ఉంటే అక్కడ పెట్టిన టర్బైనుకి అందే శక్తి సగానికి పడిపోతుంది. 10 శాతం తగ్గినా నాలుగో వంతు పైన పోతుంది. కాబట్టి ఒకదాని వెనక సూటిగా ఇంకోటి పెట్టాల్సి వస్తే పది వ్యాసాల దూరమైనా వదలాలి. కాలువ నీరు ప్రశాంతంగా పారేదైతే ఇంకా ఎక్కువ. ప్రశాంతమైన నీటిలో వేక్ త్వరగా కలిసిపోదు.

మంచి మార్గం సందులు చూసుకోవడం. ముందు వరసలో రెండు జంటల మధ్య ఖాళీలోంచి తప్పించుకుపోయే నీరు మామూలు వేగం కంటే కాస్త ఎక్కువ వేగంతో పోతుంది. రెండో వరస జంట ఆ ఖాళీకి సూటిగా, మూడు నుంచి ఐదు వ్యాసాల దిగువన నిలబడితే దానికి మంచి నీరే అందుతుంది. వేగం 10 శాతం ఎక్కువ ఉంటే 33 శాతం లాభమని పైన చూశాం కదా. ఆ అదనం వెనక వరసకి దక్కుతుంది.

అయితే ఈ టర్బైన్ల వేక్ సూటిగా పోదు. రెక్క ఒక పక్కన నీటికి ఎదురు వస్తుంది, రెండో పక్కన నీటితో పోతుంది, అందువల్ల వేక్ ఒక వైపుకి ఒరుగుతుంది. కాగితం మీద గీసిన సందు నీటిలో వేరే చోట ఉండొచ్చు. దీన్ని కంటితో చూడాలి. పొడవాటి వెదురు కర్రకి జానెడు జానెడు దూరంలో ఊలు పోగులు కట్టి, టర్బైను దిగువన నిలువుగా ముంచండి. వేక్ బయట పోగులు తిన్నగా దిగువకి చాచి నిలుస్తాయి. లోపలికి రాగానే అటూ ఇటూ కొట్టుకుంటూ, ఒక్కోసారి వెనక్కి కూడా తిరుగుతాయి. కర్రని అడ్డంగా జరుపుతూ పోగులు ఎక్కడ తిన్నబడ్డాయో తాడు ముడుల ప్రకారం రాసుకోండి. పైన గుప్పెడు ఊక చల్లితే పైనీటి తీరు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పరీక్షకి ఒక పూట చాలు. లక్షల ఖరీదు చేసే సాఫ్ట్‌వేరు లేనివాళ్లకి ఇదే కన్ను.

6. నీటిమట్టం ఎంత పెరుగుతుంది?

రైతు అడిగేది ఇదే, ఇంజినీరు అడిగేదీ ఇదే. కాలువ అడ్డుకోత వైశాల్యంలో (వెడల్పు, లోతు గుణిస్తే వచ్చేది) టర్బైన్లు ఎంత భాగం అడ్డుకుంటున్నాయో దాన్ని బ్లాకేజీ అంటారు. మన కాలువలో వరసకి నాలుగు టర్బైన్లు పెడితే 20 చదరపు మీటర్లలో 4, అంటే 20 శాతం.

బ్లాకేజీ వల్ల లాభముంది. అంతులేని నీటిలో ఏ టర్బైనూ 59.3 శాతానికి మించి శక్తి తీయలేదని బెట్జ్ హద్దు చెబుతుంది. గట్లు ఉన్న కాలువలో నీటికి తప్పించుకునే చోటు తక్కువ కనక ఆ హద్దు పైకి జరుగుతుందని గారెట్, కమిన్స్ అనే పరిశోధకులు 2007లో చూపించారు. వాళ్ల లెక్క ప్రకారం బ్లాకేజీ 10 శాతం అయితే హద్దు 23 శాతం పెరుగుతుంది, 20 శాతం అయితే 56 శాతం పెరుగుతుంది. నిజమైన టర్బైనుకి అంతా దక్కదు. పెరిగే దిశ మాత్రం ఖాయం. కాలువలో గుంపు పెట్టడానికి బలమైన కారణం ఇదే.

ఆ లాభం ఎగువన పెరిగిన నీటిమట్టం నుంచే వస్తుంది. లెక్క చూడండి. నాలుగు చదరపు మీటర్ల టర్బైన్లు 1.2 మీటర్ల నీటిలో సుమారు 2,900 న్యూటన్ల అడ్డు చూపిస్తాయి. 20 చదరపు మీటర్ల కాలువలో దాన్ని సరితూచడానికి ఎగువ మట్టం ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు లేవాలి. బ్లాకేజీ వల్ల అడ్డు ఇంకాస్త పెరుగుతుంది కనక వరసకి 2 సెంటీమీటర్లు అనుకోవడం క్షేమం. ఐదు వరసలైతే 10 సెంటీమీటర్లు. కాలువ వాలు 5,000కి 1 అయితే కిలోమీటరుకి 20 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే ఆ 10 సెంటీమీటర్ల ప్రభావం అర కిలోమీటరు ఎగువకి పైగా కనిపిస్తుంది. ఆ మధ్యలో ఉన్న తూముల్లోంచి నీరు కొంచెం ఎక్కువ పోతుంది, దిగువ వాళ్లకి ఆ మేరకి తగ్గుతుంది. శివారు రైతు భయపడేది దీనికే.

అందుకని ముందే ఎగువన ఒకటి, దిగువన ఒకటి కొలబద్దలు గోడకి పాతించండి. టర్బైన్లు లేనప్పటి మట్టాలు కొన్నాళ్లు రాయించండి. ఎన్ని సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటారో ఇంజినీరుతో, నీటి సంఘంతో కాగితం మీద తేల్చుకుని, ఆ హద్దులోనే వరసలు పెంచండి. అమెరికాలో యాకిమా దగ్గరి రోజా సాగునీటి కాలువలో నిలువు ఇరుసు టర్బైన్లు పెట్టినప్పుడు కూడా పరిశోధకులు శ్రద్ధగా కొలిచింది కాలువ మట్టం మీద ప్రభావాన్నే. నీటికి పైన గట్టు ఎత్తు తక్కువ మిగిలిన కాలువలో నాకైతే రెండు వరసలకి మించి పెట్టడం ఇష్టం ఉండదు.

7. లోడుని గుంపు మొత్తానికి సరిచేయండి

లోడు అంటే జనరేటరు నుంచి మనం లాగే కరెంటు, అది పెరిగితే టర్బైను మీద భారం పెరుగుతుంది. ఎక్కువమంది వదిలేసేది దీన్ని సరిచేసే పనే. ప్రతి టర్బైనుకీ ఒక కంట్రోలరు పెట్టి, ఎవరికి వారు గరిష్ఠం వెతుక్కునేలా వదిలేస్తారు. ముందు వరస అత్యాశగా నీటిని ఆపితే వెనక వరసకి అందేది తగ్గుతుంది. కంట్రోలర్లు ఒకదాని మార్పుకి ఇంకోటి స్పందిస్తూ ఊగిసలాడతాయి కూడా. మీరు చూడాల్సిన అంకె ఒక్కటే, గుంపు మొత్తం ఇచ్చే వాట్లు.

ముందు వైరింగు. ప్రతి జనరేటరుకీ వేరే రెక్టిఫయరు, వోల్టేజీని సర్దే వేరే డీసీ కన్వర్టరు ఉండాలి. రెక్టిఫయర్లన్నీ నేరుగా ఒకే 48 వోల్టుల బ్యాటరీకి కలిపేస్తే, నెమ్మదిగా తిరిగే జనరేటరు వోల్టేజీ బ్యాటరీ కంటే తక్కువై అది ఏమీ ఇవ్వకుండా ఊరికే తిరుగుతుంది. చూడ్డానికి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బ్యాటరీ నిండాక శక్తి మళ్లించడానికి డంప్ లోడు, దానికి తోడు చేతితో వేసే బ్రేకు తప్పనిసరి. కాలువ నీటికి స్విచ్చి ఉండదు.

తర్వాత సర్దుబాటు. ఒంటరిగా ఉన్నప్పుడు శిఖరం ఏ రేషియో దగ్గర వచ్చిందో అక్కడ అన్నిటినీ పెట్టి మొదలుపెట్టండి. ఎగువ వరస లోడుని కొద్దిగా తగ్గించి, పది నిమిషాలు మొత్తం వాట్ల సగటు చూడండి. పెరిగితే ఉంచండి, తగ్గితే వెనక్కి. తర్వాత రెండో వరస. చివరి వరస దాకా వెళ్లి మళ్లీ మొదటికి రండి. రెండు మూడు చుట్లలో అంకె నిలదొక్కుకుంటుంది. బ్లాకేజీ ఎక్కువగా ఉన్న కాలువలో మంచి వేగం ఒంటరి శిఖరం కంటే కాస్త ఎక్కువ చుట్ల వైపు జరిగి ఉంటుంది, అటు కూడా తప్పక వెతకండి. చివరి వరసకి మాత్రం వెనక ఎవరూ లేరు, దాన్ని పూర్తిగా తన శిఖరం దగ్గరే నడపవచ్చు. నీటి మట్టం రెండు మూడు రకాలుగా ఉన్నప్పుడు ఈ సర్దుబాటు చేసి ఆ సెట్టింగులు పట్టికలో పెట్టుకుంటే సీజను పొడవునా అవే పనికొస్తాయి.

8. చెత్త

గుర్రపుడెక్క, తూటికాడ తీగ, ప్లాస్టిక్ సంచులు, గడ్డి. రెక్కకి ఒక తీగ చుట్టుకుంటే ఆ టర్బైను ఒక్కటే నష్టపోదు. దాని వేగం పడిపోయి, జంటలో సమతూకం పోయి, తెప్ప ఒక పక్కకి లాగుతుంది, వెనక వరసకి వచ్చే నీరు చెదురుతుంది. వినాయక చవితి తర్వాత కాలువల్లో ఏమేమి కొట్టుకొస్తాయో మీకు తెలుసు. వెదురు చట్రాలు, గడ్డి బొమ్మల అస్థిపంజరాలు, పూలదండల తాళ్లు. ఆ వారం టర్బైన్లు పైకెత్తి ఉంచడమే మేలు.

మామూలు రోజుల్లో ఎగువన చెత్తని గట్టు వైపుకి జరిపే తేలే దుంగని ఏటవాలుగా కట్టండి. ఇనుప ఊచల జాలీ కంటే ఇది నయం. జాలీ నిండితే నీటి వేగాన్నే తినేస్తుంది. దుంగ గట్టుకి చేరవేసిన చెత్తని రోజూ తీయడానికి ఊళ్లో ఒక మనిషికి కూలి ఇచ్చి పెట్టుకోండి. పిల్లలు ఈతకి దిగే రేవులకీ, గేదెలు దిగే చోట్లకీ దూరంగా పెట్టాలని, చుట్టూ ఎర్ర డ్రమ్ములు తేల్చాలని, రాత్రి లైటు ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

9. పెరిగిందని ఎలా నమ్మాలి?

అమరిక మార్చాక కరెంటు 8 శాతం పెరిగింది. నిజంగా అమరిక వల్లేనా, లేక ఆ పూట షట్టరు ఒక చుట్టు ఎత్తారా? నీటి వేగం కొలతలో 3 శాతం తేడా వస్తే శక్తి లెక్కలో 9 శాతం తేడా వస్తుంది. కొబ్బరికాయతో కొలిచిన వేగం మీద ఆధారపడి 8 శాతం లాభం ప్రకటించడం కుదరదు.

దీనికి మంచి ఉపాయం, గుంపుకి బాగా ఎగువన, పెరిగిన మట్టం ప్రభావం దాటి, ఒక టర్బైనుని ఒంటరిగా తిప్పడం. దాన్ని ఎప్పుడూ తాకకండి, లోడు మార్చకండి. గుంపు వాట్లని దాని వాట్లతో భాగించి ఆ నిష్పత్తినే రాసుకోండి. నీరు పెరిగినా తగ్గినా రెండూ కలిసే మారతాయి కనక నిష్పత్తి నిలబడుతుంది. కొత్త అమరిక పెట్టి కొలిచాక పాతదానికి తిరిగి వెళ్లి మళ్లీ కొలవండి. పాత అంకె మళ్లీ వస్తేనే కొత్త అంకెని నమ్మండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, ఎడం మార్చిన రోజు లోడు ముట్టుకోవద్దు.

10. అక్టోబరుకి సిద్ధంగా ఉండండి

మన తీరానికి తుఫాన్ల కాలమది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటాక వంశధారకి వరద కూడా వచ్చింది. కాబట్టి ప్రతి తెప్ప మీదా రోటరుని ఇద్దరు మనుషులు చైన్ పుల్లీతో పైకి లాగి, అడ్డంగా పడుకోబెట్టే ఏర్పాటు మొదటి డిజైనులోనే ఉండాలి. హెచ్చరిక రాగానే దిగువ వరస నుంచి మొదలుపెట్టి ఎగువకి తీసుకురండి. ముందు వరస తీసేస్తే వెనక వాటికి ఒక్కసారిగా జోరు పెరుగుతుంది కనక ఈ క్రమం తప్పకూడదు. తెప్పలని గట్టు మీది చెట్లకి కాకుండా ముందే పాతిన కాంక్రీటు దిమ్మెలకి కట్టండి, ఆ గాలికి మన చెట్లు నిలవవు. దిమ్మెలు కాలువకి నీరు వదలకముందే, మే నెలలో వేయించుకుంటే కాంక్రీటు బాగా గట్టిపడుతుంది. కాలువ ఎండి ఉన్న ఆ నెలల్లోనే అడుగు కొలతలు తీసుకోవడం, ఇసుక మేట ఎక్కడ పడిందో చూసి వచ్చే ఖరీఫ్‌కి వరసల చోటు మార్చుకోవడం కూడా అయిపోతుంది.